నల్ల తెరంటే భయమెందుకు?



మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో చదువుకున్న మాలో చాలామంది కంప్యూటరును మొదటిసారి ముట్టుకున్నది కాలేజీ ల్యాబులోనే. అక్షరాలు తప్ప బొమ్మలేవీ లేని నల్ల తెర ఎదురైతే చేతులు ఆగిపోయేవి. దాని పేరే టెర్మినల్. మీకు ఆ బెరుకు ఉండకూడదనే ఈ వ్యాసం.

ఒకప్పుడు టెర్మినల్ అంటే పెద్ద కంప్యూటరుకు తీగతో కలిపిన తెర, కీబోర్డు. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 అలాంటిదే. వరుసకు 80 అక్షరాలు, తెరకు 24 వరుసలు. ఆ యంత్రాన్ని మన డెస్క్‌టాప్ మీద అనుకరించే ప్రోగ్రామే టెర్మినల్ ఎమ్యులేటర్. మనం టైపు చేసిన ఆజ్ఞను షెల్ అనే మరో ప్రోగ్రాముకు అందించి, జవాబును తెరపై చూపడం దీని పని.

మొదట్లో ఒక్కో పనికి ఒక్కో విండో తెరవాల్సి వచ్చేది. ట్యాబులు వచ్చాక అన్నీ ఒకే విండోలో ఇమిడాయి. లినక్స్‌లో గ్నోమ్ టెర్మినల్, కాన్సోల్ ఈ సౌకర్యాన్ని ఎప్పుడో ఇచ్చాయి. మైక్రోసాఫ్ట్ మాత్రం 2020 మే నెలలో విండోస్ టెర్మినల్ 1.0తో ఇచ్చింది. ఈ మూడూ ఉచితమే.

మదనపల్లె మార్కెట్టు టమోటా ధరలకు సగటు కట్టే సి ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. మొదటి ట్యాబులో ప్రోగ్రాం రాయండి. రెండోదాంట్లో కంపైల్ చేసి నడపండి. మూడోదాంట్లో ధరల ఫైలు తెరిచి పెట్టుకోండి. కొత్త ట్యాబుకు కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కాలి. కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సి. షిఫ్ట్ మరిచి కంట్రోల్, సి మాత్రమే నొక్కితే నడుస్తున్న ప్రోగ్రాం ఆగిపోవచ్చు, జాగ్రత్త!

రెండు పనులను పక్కపక్కనే చూడాలంటే విండోస్ టెర్మినల్, కాన్సోల్‌లలో ట్యాబును భాగాలుగా చీల్చుకోవచ్చు. ట్యాబు మూస్తే అందులో నడిచే పని కూడా సాధారణంగా ఆగిపోతుంది. గంటల తరబడి సాగే పనులకు 1987 నుంచి ఉన్న స్క్రీన్, 2007లో వచ్చిన టీమక్స్ ఉపయోగపడతాయి. వాటిలో మొదలుపెట్టిన పని, విండో మూసినా లోపల సాగుతూనే ఉంటుంది.

ఇన్ని మెరుగులు వచ్చినా ఒక లోటు మిగిలింది. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా విభజించి, గడికో అక్షరం చొప్పున పేరుస్తుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మన గుణింతాలు, వత్తులు ఆ గళ్లలో ఇమడక చాలా టెర్మినళ్లలో విడిపోయి కనిపిస్తాయి. తెలుగులో పేరు పెట్టిన ఫైలును చదవడమే కష్టం. దీన్ని సరిచేయాలంటే ప్రోగ్రామింగుతో పాటు తెలుగు లిపి నడక కూడా తెలియాలి. పైన చెప్పిన మూడింటి సోర్సు కోడూ అందరికీ తెరిచే ఉంది. మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడు, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో భాష చదివే చెల్లెలు కలిసి కూర్చుంటే ఇది మన పిల్లలు చేయలేని పనేమీ కాదు.

ల్యాబులో వంతు వచ్చిన రోజు వెనక్కి తగ్గకండి. ముందు ఒక ట్యాబు తెరవండి!