గోడ పగిలింది సరే, ఇల్లు కదులుతోందా?

దెగ్లూర్: మన వైపు నల్లరేగడి మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు గోడ పగుళ్లు కొత్త కాదు. వానకాలంలో ఆ నేల నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. దాంతో పాటు పునాదీ లేస్తుంది, దిగుతుంది. మేస్త్రీ సిమెంట్ పూసి రంగు వేసి వెళ్తాడు. ఏడాది తిరిగేసరికి పగులు మళ్లీ అక్కడే. మన సంఘం పిల్లలకు తెలుగు నేర్పే గదిలోనూ ఇదే అయింది. పిల్లలను అక్కడ కూర్చోబెట్టవచ్చా అని కమిటీ సభ్యులు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నది కంటికి తెలియదు. భూమి కొలిచే సర్వేయర్ల దగ్గర దీనికి మంచి పద్ధతి ఉంది.

ముందు భవనానికి దూరంగా, కదలని చోట ఒక గుర్తు పెట్టుకోవాలి. దాన్నే బెంచ్‌మార్క్ అంటారు. గట్టి రాతి మీద ఉంటే మేలు. అదే కదిలితే లెక్కంతా తప్పు. తర్వాత భవనం నాలుగు మూలల్లో, నేలకు కాస్త పైన, గోడలో ఇనుప బోల్టులు బిగిస్తారు. లెవెల్ యంత్రంలోంచి చూస్తూ, కొలతపట్టీని బెంచ్‌మార్క్ మీద ఒకసారి, ఒక్కో బోల్టు మీద ఒకసారి నిలబెట్టి అంకెలు రాసుకుంటారు. మొదట బోల్టు బెంచ్‌మార్క్ కన్నా 115 మి.మీ. ఎత్తులో ఉండి, ఆరు నెలలకు 109 అయితే, ఆ మూల 6 మి.మీ. దిగినట్టు. చివర మళ్లీ బెంచ్‌మార్క్ చదవాలి. లెక్క కలవకపోతే పని మొదటి నుంచి చేయాల్సిందే.

నాలుగు మూలలూ సమానంగా దిగితే గోడకు అంత ముప్పు లేదు. ఒకటి దిగి పక్కది నిలిస్తేనే చీలుతుంది. పెద్ద కట్టడాలకూ ఇదే బాధ. 2023 అక్టోబర్ 21న గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగితే పైన వంతెన వంగింది. దాని అవతలి ఒడ్డు మన గడ్చిరోలి జిల్లాయే.

గోడ ఒరిగిందా అని చూడడానికి చిన్న ఇంటికి తూకం గుండు చాలు, ఇక్కడి మేస్త్రీలు ఓళంబా అనేది. ఎత్తైన భవనాలకు టోటల్ స్టేషన్ కావాలి. అది కోణం, దూరం రెండూ కొలుస్తుంది.

యంత్రం దొరకనివాళ్లు పగులుకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి, మధ్య దూరం నెలనెలా కొలిచి, తేదీ వేసి రాయండి. గుమాస్తా బుద్ధి అనుకోండి, రిజిస్టర్‌లో ఎక్కని కొలతను నేను ఒప్పుకోను. నల్లనేలలో కనీసం ఏడాది చూడాలి. పెరిగి, తగ్గుతుంటే అది నేల గుణం. పెరుగుతూనే పోతుంటే ఇంజనీరును పిలవాలి. గోడ ఒరిగినట్టు కనిపిస్తే మాత్రం ఏడాది ఆగకండి, ముందు ఖాళీ చేయండి.

సంఘం గదిలో మూడు చోట్ల మేకులు కొట్టాం. మొదటి కొలత రిజిస్టర్‌లో ఎక్కింది. ఇంజనీరు వచ్చి చూసేదాకా పిల్లల తరగతి వరండాలోనే.