మన పేరు గల జట్టు

సాయంకాలము చివరి గంట మ్రోగిన తరువాత మన పాఠశాల మైదానమునకు వచ్చిన తల్లిదండ్రులకు ఒక దృశ్యము తప్పక కనబడును. పిల్లలు పుల్లతో నేలమీద గీతలు గీచి, రెండు పక్షములుగా విడిపోయి, చెడుగుడు ఆడుచుందురు. ఒక పక్షమువారు తమకు 'తెలుగు టైటన్స్' అనియు, రెండవ పక్షమువారు 'బెంగుళూరు బుల్స్' అనియు పేర్లు పెట్టుకొందురు. ఎవరికి ఏ పేరు అను విషయమై ఆటకు ముందే కొంత వాదము జరుగుటయు కలదు.

ఈ సంవత్సరము తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చిన ఒక తండ్రి మమ్ము ఇట్లడిగెను: "అయ్యవారూ, మన ఇంట మాట తెలుగు, మనమున్నది కర్ణాటకము. బిడ్డలు ఏ జట్టును మనదనుట న్యాయము?" ఆయన ప్రక్కనున్న మఱియొకరు, "ఒక్క ఆటగానికి రెండు కోట్లకు పైగా ఇచ్చిరట. మా వానిని చదువు మాన్పించి ఆటలోనే పెట్టరాదా?" అనిరి. ఈ రెండు ప్రశ్నలును నవ్వి త్రోసివేయదగినవి కావు. కావున ఆ జట్టు ఎట్టిదో, ఎట్లు నడచుచున్నదో ముందు తెలిపి, పిదప మాకు తోచిన సమాధానము చెప్పెదము.

చెడుగుడు మనకు క్రొత్త ఆట కాదు. తమిళులు దీనిని సడుగుడు అందురు, మహారాష్ట్రులు హుతుతు అందురు, బెంగాలీలు హాడుడు అందురు. దేశమంతటికిని ఒక్క నిబంధనావళి ఏర్పడిన పిదప కబడ్డీ అను పేరు స్థిరపడినది. ప్రక్కకు ఏడుగురు చొప్పున ఆడుదురు. కూతకు పోయినవాడు 'కబడ్డీ' అను మాటను విడువక పలుకుచు, ఎదుటివారిని తాకి, మధ్యగీతకు తిరిగి రావలెను. 1990లో బీజింగు ఏషియా క్రీడలలో ఈ ఆటకు స్థానము లభించెను. మన దేశము ఆనాడు స్వర్ణపతకము గెలిచినది.

2014 జూలై 26వ తేదీన ప్రో కబడ్డీ లీగ్ అను వృత్తి పోటీలు ఆరంభమయ్యెను. మట్టినేలకు బదులు పరుపు వంటి చాప వచ్చినది. ఒక్కొక్క కూతకు ముప్పది సెకండ్లు మాత్రమే గడువు. వరుసగా రెండు కూతలలో ఏమియు సంపాదింపని జట్టు మూడవ కూతలో తప్పక సంపాదింపవలెను. లేనిచో పోయినవాడు వెలి అగును. ముగ్గురో, అంతకు తక్కువయో మిగిలిన పక్షమువారు కూతగానిని పట్టినచో వారికి అదనముగా ఒక పాయింటు లభించును. ఇట్టి నియమముల వలన ఆట వేగవంతమై, టీ.వీ.లో చూచువారికి విసుగు పుట్టకున్నది.

మొదటి సంవత్సరము ఎనిమిది జట్లు ఆడెను. 2017లో అవి పండ్రెండైనవి. బెంగుళూరు, జయపురము, పాట్నా, ఢిల్లీ వంటి నగరముల పేర్లు పలు జట్లకు కలవు. ఆ మొదటి ఎనిమిదింటిలో ఒక్కటి మాత్రము నగరము పేరు గాని రాష్ట్రము పేరు గాని పెట్టుకొనక, భాష పేరు పెట్టుకొనినది. అదియే తెలుగు టైటన్స్. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము వేఱు రాష్ట్రమైనది. రెండు మాసములు నిండకుండగనే ఈ జట్టు చాపమీదికి వచ్చినది. విశాఖపట్టణమునను, హైదరాబాదునను తన సొంత పోటీలు ఆడినది. ఆ పేరు రెండు రాష్ట్రములవారికిని చెల్లినది. పొలిమేరకు ఇవతలనున్న సోమేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి పిల్లలకును చెల్లినది. మన పిల్లలు ఆ పేరు విని ఉప్పొంగుటకు కారణమిదియే.

అయితే పేరు తెలుగుదైనంత మాత్రమున ఆడువారందఱు తెలుగువారు కారు. ఈ జట్లు వేలములో కూర్చబడును. టైటన్సు జట్టులో మొదటి ఆరు పోటీలలోను పేరు పొందిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశములోని బిజ్నోరు ప్రాంతమువాడు. 2019లో 1.45 కోట్ల రూపాయలకు వచ్చిన సిద్ధార్థ్ దేశాయి మహారాష్ట్రుడు. 2023లో 2.605 కోట్లకు, అనగా నాటివఱకు ఎవరికిని రాని వెలకు, వచ్చిన పవన్ సెహ్రావత్ ఢిల్లీవాడు. ఈ పవన్ సెహ్రావత్ అంతకు ముందు బెంగుళూరు బుల్స్ జట్టువాడు! 2019 జనవరి 5వ తేదీన ముంబయిలో జరిగిన అంతిమ పోటీలో బుల్సు గుజరాతు జట్టును 38–33తో ఓడించి కప్పు గెలిచినపుడు, ఆ 38లో 22 పాయింట్లు ఇతడు ఒక్కడే సంపాదించెను. ఆనాడు ఇతనికి జేజేలు కొట్టిన బుల్సు పక్షమువారే, పిమ్మట ఇతడు టైటన్సు నాయకుడై వచ్చినపుడు ఎదుటి పక్షమున చూడవలసివచ్చెను.

ఇతర దేశములందును ఇట్టి సందేహము గలదు. ఫిలిప్పీన్సు ద్వీపములలో బాస్కెట్‌బాలు, మనకు క్రికెట్టు వలె, ఊరూర ఆడు ఆట. అచ్చట 1975లో వృత్తి పోటీలు ఏర్పడినపుడు జట్లు తమను పోషించు వ్యాపార సంస్థల పేర్లే పెట్టుకొనినవి. ప్రజలు తమ ఊరిపేరు గల జట్టు లేక, సరకుల పేర్లకే జేజేలు కొట్టవలసివచ్చెను. 2017లో ప్రసిద్ధ ముష్టియుద్ధవీరుడగు మానీ పాక్వియావ్ మహర్లికా లీగ్ అను మఱియొక వ్యవస్థను స్థాపించి, నగరముల పేర్లను, రాష్ట్రముల పేర్లను జట్లకు పెట్టించెను. తమ ఊరిపేరు వినవలెనని మనుష్యునికి ఎంత కోరికయో దీనివలన తెలియును. ఆ కోరిక తప్పు కాదు.

టైటన్సు చరిత్రలో మన పిల్లలు నేర్వదగిన అధ్యాయము గెలుపులది కాదు, ఓటములది. 2015లో వారు మూడవ స్థానము పొందిరి. ఆ తరువాత కాలము తిరుగబడినది. 2021–22లో ఇరువదిరెండు ఆటలకు ఒక్కటి గెలిచిరి. 2022లో రెండు గెలిచిరి. 2023–24లో మరల రెండే గెలిచిరి. అంత వెల యిచ్చి తెచ్చిన నాయకుడుండియు రెండే! అయినను మన మైదానములో ఆ పేరు పెట్టుకొను పిల్లలు తగ్గలేదు. 2024లో పండ్రెండు ఆటలు గెలిచిరి. 2025లో అంతిమ పోటీకి ఒక్క మెట్టు క్రింద వఱకు చేరిరి. ఆ దారిలో వారు ఓడించిన జట్లలో బెంగుళూరు బుల్స్ ఒకటి. ఓడినపుడు విడువనివాడే తనవాడని పిల్లలకు మేము చెప్పనక్కఱలేకపోయెను.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. బిడ్డ తెలుగు టైటన్సును మెచ్చుకొనినచో కర్ణాటకమునకు ద్రోహము చేసినవాడు కాడు. బెంగుళూరు బుల్సును మెచ్చుకొనినచో తల్లిభాషను మఱచినవాడు కాడు. మన పంటలు అమ్ముడుపోవునది, మన పెద్దపిల్లలు ఉద్యోగములకు పోవునది బెంగుళూరికే. కన్నడము మన రాజ్యభాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్చుకొనవలెను. రెండింటిని మోయగల భుజములు మన పిల్లలకు కలవు. ఒకరినొకరు ఎగతాళి చేయనంతవఱకు వారు ఏ పక్షమైన వహింపనిండు.

కాని ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. టైటన్సు కప్పు గెలిచినను మన పిల్లలకు తెలుగులో ఒక్క అక్షరము అదనముగా రాదు. వారు ఓడినను ఒక్క అక్షరము పోదు. జట్టునకు ఆటగాండ్రను వేలములో కొనవచ్చును. భాషకు మాటలాడువారిని అట్లు కొనుటకు వీలులేదు. వారు ఇంటిలోనే తయారు కావలెను. టీ.వీ. ముందు 'తెలుగు, తెలుగు' అని కేకలు వేసిన బాలుడే మఱునాడు తరగతిలో ఒక పేరా తెలుగు చదువలేక తడబడుట మేము చూచియున్నాము. ఆ లోపము బాలునిది కాదు. ఇంట అతనిచేత చదివించువారు లేకపోయిరి.

రెండవ ప్రశ్న జీవనోపాధిని గూర్చినది. పండ్రెండు జట్లలో, జట్టుకు ఇరువదియైదుగురు చొప్పున లెక్కించినను, దేశమంతటిలో మూడువందలమందికి మించి స్థానము లేదు. కోట్లు పొందువారు వారిలోను కొలదిమందియే. ఆ పోటీలు ఏడాది పొడుగునను జరుగవు. దేహమును నమ్మరాదు: పవన్ సెహ్రావత్ 2022లో తమిళ జట్టు 2.26 కోట్లకు కొనగా, మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ సంవత్సరమంతయు ఆడలేకపోయెను. దేశములోని కబడ్డీ ఆటగాండ్రలో చాలమందికి నిలకడైన కూడు పెట్టునది రైల్వే, పోలీసు, సైనిక శాఖల ఉద్యోగము. రైల్వేలో క్రీడాకారులకు ప్రత్యేకించిన ఉద్యోగమునకు కూడ కనీసము పదవ తరగతి చదువు కావలెను. కావున చదువు మాన్పించుట ఆటకును మేలు కాదు.

ఆడపిల్లల తల్లులు ఒక ఉదాహరణము వినవలెను. మన రాష్ట్రములోని ఉడుపి జిల్లాకు చెందిన మమతా పూజారి మన దేశపు మహిళా కబడ్డీ జట్టునకు నాయకురాలై, 2014లో అర్జున పురస్కారము పొందినది. ఆమెకు ఉద్యోగమిచ్చినది సికిందరాబాదు కేంద్రముగా గల దక్షిణ మధ్య రైల్వే. తుళునాటి బిడ్డ తెలుగుగడ్డమీద ఉద్యోగము చేయుచు భారతదేశము పక్షమున ఆడినది. మన అమ్మాయిలను సాయంకాలము గంట కాగానే ఇంటిపనికి పిలువక, ఒక అరగంటయైన మైదానమున ఉండనీయుడని మా ప్రార్థన.

తల్లిదండ్రులకు మేము కోరునది స్వల్పము. బిడ్డను ఆడనిండు, ఏ జట్టు నీదని నిర్బంధింపకుడు, పదవ తరగతి పూర్తియగువఱకు బడి మాన్పింపకుడు, ఆట చూచిన రాత్రి పండుకొనుటకు ముందు ఒక్క పుట తెలుగు బిగ్గరగా చదివించి వినుడు. చదువురాని తల్లియైనను వినగలదు. తప్పు ఎచ్చట దొర్లినదో ఆమె చెవికి తెలియును. ఆ పుట ఎవరెవరు చదివిరో మఱునాడు ఉదయము తరగతిలో మేము అడిగెదము.