కాంతితో పోటీపడు బండి

ఇబ్రహీంపట్నమునుండి విజయవాడకు సుమారు 16 కిలోమీటర్లు. కాంతి సెకండునకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఆ వేగములో పదింట తొమ్మిదివంతుల వేగము గల బండికి ఈ దూరము దాటుటకు సెకండులో పదివేలవ వంతు కాలమైనను పట్టదు. అంత వేగమున గాలిలో పోవు బండి బూడిదయగును. ఐనను గాలి లేదనియు, మన కన్నులు మిక్కిలి చురుకైనవనియు తలంచి, ఆ బండి యెక్కుదము. బయట ఏమి కనిపించును?

వానలో పోవు రైలును తలంచుకొనుడు. రైలు నిలిచియున్నప్పుడు నిట్టనిలువుగా పడు చినుకులు, అది కదలగానే ఎదుటినుండి ఏటవాలుగా వచ్చునట్లుండును. కాంతియు నట్లే. భూమి సెకండునకు 30 కిలోమీటర్ల వేగమున సూర్యుని చుట్టు తిరుగుటచే నక్షత్రములు సుమారు 20 వికలలవరకు జరిగినట్లు కనిపించునని 1728లో జేమ్స్ బ్రాడ్లీ గ్రహించెను. వికల యనగా డిగ్రీలో 3,600వ వంతు. మన బండిలోనో, సరిగా ప్రక్కనున్న వస్తువు కూడ నేరుగా ముందు దిక్కునకు 26 డిగ్రీల దూరముననే కనిపించును!

బండి గొల్లపూడి చేరునప్పటికి కొండపల్లి కొండ వెనుకబడును. అచట నేలమీద నిలిచినవాడు దానిని చూచుటకు వెనుదిరుగవలెను. మనకు మాత్రము అది ఎడమచేతి కిటికీలోనే అగుపించును. దారిలోని మేడ మన ప్రక్కకు వచ్చినట్లు తోచునప్పుడు మనము చూచునది, దానిని దాటిపోయినవాడు తిరిగిచూచినచో కనిపించు ఆవలి గోడ.

వేగముగా పోవు వస్తువు పొడవు తగ్గునని సాపేక్షతా సిద్ధాంతము తెలుపును. కావున అది నొక్కినట్లు సన్నగా కనిపించునని చాలకాలము పండితులే తలంచిరి. 1959లో టెరెల్, పెన్రోజ్ అను వారిరువురు వేరువేరుగా ఈ తలంపును సరిదిద్దిరి. చిన్న వస్తువు నొక్కినట్లు గాక, ప్రక్కకు తిరిగినట్లు కనిపించును. బంతి యంచు ఎంత వేగమునను గుండ్రముగానే యుండును.

రంగులు సైతము మారును. ఎదుటినుండి వచ్చు కాంతి తరంగముల పొడవు నాలుగవ వంతుకన్న తగ్గును. ఎఱ్ఱని కాంతి అతినీలలోహితమై కంటికి కనబడకపోవును. కాని ప్రతి వస్తువు నుండియు వెలువడు వేడికిరణములు అప్పుడు కాంతియై కనిపించును. అమావాస్యరాత్రి యైనను, ఎదుటనున్న విజయవాడలోని చల్లని రాయి సైతము కమ్మరి కొలిమిలో కాగిన ఇనుమువలె వెలుగును. నేరుగా వెనుకకు చూచితిమా, పట్టపగలైనను దాదాపు చీకటియే.