వార్తల్లో పదం: అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన

శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్లు ఎత్తే కాంట్రాక్టు కార్మికుడికి పని పోయిందంటే, ముందు మెడలోని పాస్ వెనక్కి తీసుకుంటారు. ఆ రోజు నుంచి ఇంటి అద్దె ఎలాగన్నదే బెంగ. అతని చేతిలో ఇంకా మిగిలేది జీతం చీటీ. అందులో ఈఎస్ఐ కోత 0.75 శాతం ఉందా, చూడండి. ఉంటే ఈ పదం అతనిదే.

బీమిత్ వ్యక్తి అంటే బీమా ఉన్న మనిషి. 2018లో ఈఎస్ఐ సంస్థ తెచ్చిన ఈ పథకం నిరుద్యోగికి సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు ఇస్తుంది, అదీ జీవితంలో ఒక్కసారే. మొదట నాలుగో వంతే ఉండేది. కోవిడ్ కాలంలో, 2020లో సగానికి పెంచారు. రెండేళ్ల బీమా ఉండాలి. తప్పు చేసి తొలగింపునకు గురైనా, స్వచ్ఛంద విరమణ తీసుకున్నా రాదు. పథకం గడువును విడతలుగా పొడిగిస్తున్నారు కనుక, అమల్లో ఉందో లేదో ముందు అడగండి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. యజమాని చందా కట్టకపోవడం కార్మికుడి తప్పు కాదు. వివాదం తేల్చేది ఉద్యోగుల బీమా న్యాయస్థానం. లాయరు ఫీజుకు జంకక్కర్లేదు: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు న్యాయ సహాయం ఉచితం. 15100కు ఫోన్ చేయండి, జీతం చీటీలు పారేయకండి.