గిటారు పెడళ్ళకు నిశ్శబ్దమైన విద్యుత్తు

ఏటా మే నెల నడుమ, తమిళుల వైకాశి మాసపు తొలి దినాన, గుడియాత్తంలో కౌండిన్య నది ఒడ్డున గంగమ్మ శిరస్సు ఉత్సవం జరుగుతుంది. పలమనేరు, చిత్తూరు వైపుల నుంచి తెలుగువారు కూడా తరలివెళ్ళే పెద్ద తిరునాళ్ళు అది. ఇటువంటి తిరునాళ్ళ రాత్రుల్లో పాట కచేరీ పెట్టించడం సరిహద్దుకు ఇరువైపులా ఉన్న ఆనవాయితీ. గాయకుడు పల్లవి ఎత్తుకోబోయే ముందు సభ ఒక్క క్షణం మౌనం వహించినప్పుడు, స్పీకర్లలో నుంచి గుయ్‌మని సన్నని హోరు వినవస్తుంది. గిటారు వాయించేవాడు కాలితో పెడల్ నొక్కగానే ఆ హోరు పదింతలవుతుంది. సౌండు సర్వీసువారు గిటారును నిందిస్తారు, గిటారు వాయించేవాడు సౌండు సర్వీసును నిందిస్తాడు. మరునాడు అతడు ఖరీదైన కొత్త పవర్ సప్లై కోసం చెన్నైలో వాకబు మొదలుపెడతాడు. కొన్ని వేల రూపాయలు ఖర్చవుతాయి. హోరు మాత్రం తరచుగా ఉన్నచోటనే ఉంటుంది.

కారణం ఒక్కటే. హోరుకు మూలాలు అనేకం. పవర్ సప్లై వాటిలో ఒకటి మాత్రమే. ఏ మూలం నుంచి వస్తున్నదో తేల్చుకొనక ముందే డబ్బు చెల్లించడం, జ్వరమేదో తెలియకనే మందు కొనడం వంటిది.

ఈ సమస్య కచేరీ బృందాలకే పరిమితం కాదు. రాయవేలూరు చర్చిల్లో ఆదివారపు ఆరాధనకు గిటారు వాయించే యువకులకు, వీఐటీ విశ్వవిద్యాలయంలో ‘రివేరా’ వేడుకలకు సాధన చేసే విద్యార్థులకు, పెళ్ళి ఆర్కెస్ట్రాల వారికి ఇది నిత్యానుభవమే. వీరి పెడల్ బోర్డు మీద ధ్వనిని గరుకు చేసే డిస్టార్షన్, అలలుగా ఊపే కోరస్, ప్రతిధ్వనినిచ్చే డిలే, వా పెడల్ వంటివి నాలుగైదు ఉంటాయి. ఇవన్నీ దాదాపుగా 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో పనిచేస్తాయి.

పది నిమిషాల పరీక్ష

దుకాణానికి వెళ్ళే ముందు చేయదగిన పరీక్ష ఒకటున్నది. దానికి కావలసినది ఒక కొత్త 9 వోల్టుల బ్యాటరీ. పెడళ్ళన్నీ తొలగించి, బ్యాటరీ సౌకర్యమున్న ఒక్క డిస్టార్షన్ పెడల్‌ను మాత్రం గిటారుకు, యాంప్లిఫయరుకు నడుమ ఉంచి, బ్యాటరీ మీద నడిపించి వినాలి. హోరు మాయమైతే దోషం పవర్ సప్లైది, లేదా పెడళ్ళను కలిపిన తీరుది. బ్యాటరీ మీద కూడా హోరు తగ్గకపోతే ఎంత మంచి పవర్ సప్లై కొన్నా ప్రయోజనం లేదు.

రెండవ పరీక్షకు బ్యాటరీ కూడా అక్కరలేదు. గిటారు పట్టుకొని నిలుచున్న చోటనే మెల్లగా ఒక చుట్టు తిరగాలి. తిరుగుతున్న కొద్దీ హోరు హెచ్చుతగ్గులైతే, దానిని పట్టుకొంటున్నది గిటారులోని పికప్. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబులైట్ల చోకులు వెదజల్లే అయస్కాంత క్షేత్రాన్ని యాంటెనా వలె గ్రహిస్తుంది. 1955లో గిబ్సన్ సంస్థకు చెందిన సెత్ లవర్ రెండు తీగచుట్టలను ఎదురెదురుగా కలిపి ‘హంబకర్’ను రూపొందించినది ఈ బాధ తొలగించడానికే. పికప్ దోషానికి పవర్ సప్లైను మార్చడం పంటి నొప్పికి కళ్ళజోడు మార్చినట్లుంటుంది.

ఇక్కడ ఒక చిన్న చిక్కున్నది. వా పెడల్‌లో కూడా ఒక తీగచుట్ట ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పవర్ సప్లైను బోర్డు అడుగున సరిగ్గా వా పెడల్ కిందనే బిగిస్తే, ఎంత ఖరీదైనదైనా హోరు తప్పదు. దానిని ఒక జానెడు పక్కకు జరిపితే చాలు. దీనికి వేలు పోసినవారు ఉన్నారు.

ఎలిమినేటర్ కథ

పరీక్షలో దోషం పవర్ సప్లైదే అని తేలిందనుకొందాం. బోర్డు మీద ఉన్నది చాలా సందర్భాల్లో రేడియో దుకాణాల్లో దొరికే బ్యాటరీ ఎలిమినేటర్. 3, 4.5, 6, 9, 12 వోల్టులకు తిప్పుకొనే మీట ఉన్న ఈ డబ్బాలు ట్రాన్సిస్టర్ రేడియోల కోసం పుట్టినవి. వాటిలో చవకరకాలకు వోల్టేజిని స్థిరపరచే ఏర్పాటు ఉండదు. మీట 9 దగ్గర ఉన్నా, భారం లేనప్పుడు కొలిస్తే 12, 13 వోల్టులు చూపుతుంది.

గోడలోని 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాల చొప్పున దిశ మార్చుకొంటూ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దానిని తగ్గిస్తుంది, డయోడ్లు ఏకముఖం చేస్తాయి. అప్పుడది సెకనుకు 100 మార్లు ఉబికి తగ్గే అలగా మారుతుంది. గిటారులో వినిపించే గుయ్‌మనే శ్రుతి ఆ 100 హెర్ట్జ్‌దే. ఈ అలను చదును చేయడానికి కెపాసిటర్ వాడతారు. లెక్క సులభమైనదే: 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ నుంచి 100 మిల్లీఆంపియర్లు తీసుకొంటే సుమారు ఒక వోల్టు మేర అల మిగిలిపోతుంది. ఆ తరువాత 7809 వంటి రెగ్యులేటర్ ఉంటే, ఆ ఒక్క వోల్టు వెయ్యో వంతుకు దిగివస్తుంది. లేకుంటే అల నేరుగా పెడల్‌లోకి ప్రవేశిస్తుంది. డిస్టార్షన్ పెడల్ సంకేతాన్ని వందల రెట్లు పెంచుతుంది కనుక దానిని కూడా పెంచి వినిపిస్తుంది.

రెగ్యులేటర్ ఉన్న సప్లై కొన్నవారు కూడా పల్లె కచేరీల్లో హోరు వస్తున్నదని వాపోతారు. ఇంట్లో మౌనంగా ఉన్న పెట్టె తిరునాళ్ళలో ఎందుకు గోలచేస్తుంది? 7809 సక్రమంగా పనిచేయాలంటే దానిలోకి ప్రవేశించే వోల్టేజి దాదాపు 11కు తగ్గరాదు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సప్లైలో గోడ విద్యుత్తు నిండుగా 230 ఉన్నప్పుడు కెపాసిటర్ దగ్గర సుమారు 15.6 వోల్టులుంటాయి, ఇబ్బంది లేదు. తిరునాళ్ళ రాత్రి వీధంతా సీరియల్ లైట్లు వెలిగి, ఒకే లైను మీద అన్ని దుకాణాలూ ఆధారపడినప్పుడు వోల్టేజి 170కి పడిపోయిందనుకొందాం. అప్పుడు కెపాసిటర్ దగ్గర శిఖరం 11.1 వోల్టులే. అందులో ఒక వోల్టు అల పోతే, లోయ 10 దగ్గరకు దిగుతుంది. సెకనుకు నూరు మార్లు రెగ్యులేటర్ ఊపిరాడక విడిచిపెడుతుంది. హోరు పుడుతుంది. పెట్టె చెడిపోలేదు, వోల్టేజి చాలలేదు, అంతే.

ఈ విషయంలో 100 నుంచి 240 వోల్టుల వరకు స్వీకరించే స్విచింగ్ రకం సప్లైలు మేలు. గోడ వోల్టేజి 170 అయినా, 240 అయినా అవి లోపల సర్దుకొంటాయి. ‘స్విచింగ్ రకం రొద చేస్తుంది’ అన్న పాత మాట చవకబారు ఛార్జర్ల విషయంలో నేటికీ నిజమే కాని, సంగీతం కోసమే తయారైన వాటి విషయంలో నిలువదు.

ఒకే కాలువ, వేరు వేరు బావులు

ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో అయిదారు పెడళ్ళకు విద్యుత్తు ఇవ్వడం వాడుక. అన్నీ పాత పద్ధతి అనలాగ్ పెడళ్ళయితే ఇది చాలా మట్టుకు సరిపోతుంది. వందలు ఖర్చయ్యే చోట వేలు ఖర్చు చేయనవసరం లేదు. ట్రూటోన్ వారి ‘వన్ స్పాట్’ అడాప్టర్ 1700 మిల్లీఆంపియర్లు ఇస్తూ ఈ పని కోసమే ప్రసిద్ధికెక్కింది.

గొలుసులోకి డిజిటల్ డిలే లేదా రివర్బ్ చేరినప్పుడు కథ మారుతుంది. ఒకే కాలువ కింద నాలుగు మడులున్నప్పుడు ఒక రైతు మడవ తీస్తూ మూస్తూ ఉంటే మిగిలిన మడుల్లో నీటిమట్టం కదలినట్లే, డిజిటల్ పెడల్‌లోని గడియారం ఉమ్మడి తీగలోని విద్యుత్తును క్షణానికి వేల మార్లు లాగి వదులుతుంది. ఆ కుదుపులు పక్కనున్న డిస్టార్షన్‌లోకి ప్రవేశించి కీచుమని వినిపిస్తాయి. ఇది గుయ్‌మనే హోరు కాదు. సన్నని ఈల వంటిది. ఈ రెండింటి తేడాను చెవితో గుర్తిస్తే సగం రోగనిర్ణయం పూర్తయినట్లే.

దీనికి విరుగుడు ‘ఐసోలేటెడ్’ సప్లై. ఇందులో ప్రతి పెడల్‌కూ వేరు బావి తవ్వినట్లు, ప్రతి ద్వారానికీ ట్రాన్స్‌ఫార్మర్‌లో వేరు చుట్టు, వేరు రెగ్యులేటర్ ఉంటాయి. ఒకదాని రుణధ్రువానికి మరొకదానితో సంబంధముండదు. వూడూ ల్యాబ్ ‘పెడల్ పవర్ 2 ప్లస్’ ఈ పద్ధతికి పేరు తెచ్చిన పెట్టెల్లో ఒకటి. తరువాత వచ్చిన స్ట్రైమన్ ‘జూమా’, సియోక్స్ ‘డీసీ 7’ ఇదే గుణాన్ని స్విచింగ్ పద్ధతిలో సాధించాయి.

చవక పెట్టెల మీద కూడా ‘ఐసోలేటెడ్’ అని అచ్చువేసి ఉంటుంది. నమ్మనవసరం లేదు. పెట్టెను గోడ నుంచి, పెడళ్ళ నుంచి విడదీసి, మల్టీమీటరును శబ్దం చేసే స్థానంలో పెట్టి, రెండు ద్వారాల బయటి వలయాలను తాకించాలి. మీటరు మోగితే ఆ రెండూ లోపల కలిసే ఉన్నాయి, పైన ఏమి రాసి ఉన్నా సరే.

కొనేటప్పుడు చూడవలసిన లెక్కలు కొన్ని. వోల్టేజి పెడల్ మీద రాసినంతే ఉండాలి. మిల్లీఆంపియర్లు కావలసిన దానికంటె ఎక్కువైతే హాని లేదు, తక్కువైతేనే హాని. సాధారణ ఓవర్‌డ్రైవ్‌కు పది మిల్లీఆంపియర్లు చాలు. స్ట్రైమన్ ‘టైమ్‌లైన్’ వంటి డిలేకు కనీసం 300 కావాలి. ధ్రువాల సంగతి మరింత ముఖ్యం. పెడళ్ళలో అత్యధికం నడిమి మొన రుణధ్రువంగా ఉండేవి. ఇంటర్‌నెట్ రౌటర్లకు, సీసీటీవీ కెమెరాలకు వచ్చే అడాప్టర్లలో నడిమి మొన సాధారణంగా ధనధ్రువం. పిన్ను సరిగ్గా ఇమిడినంత మాత్రాన రౌటర్ అడాప్టర్ తగిలిస్తే ఒక్క క్షణంలో పెడల్ కాలిపోవచ్చు. పాత జర్మేనియం ఫజ్ పెడళ్ళు కొన్ని దీనికి కూడా వ్యతిరేకంగా ధనధ్రువాన్నే దేహానికి కలుపుకొంటాయి. వాటిని ఎన్నడూ గొలుసులో చేర్చరాదు.

అమెరికా నుంచి వచ్చిన పెట్టె

ఈ ప్రాంతపు ఇళ్ళలో అమెరికాలో ఉద్యోగం చేసే బంధువు ఒకరైనా ఉంటారు. అక్కడ చవకగా దొరికిందని అన్నయ్యో మేనమామో సూట్‌కేసులో తెచ్చిన పవర్ సప్లైను నేరుగా గోడకు తగిలించరాదు. ఆ దేశంలో విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ రకం పెట్టెలు అనేకం ఆ ఒక్క వోల్టేజి కోసమే చుట్టబడతాయి. ఇక్కడి 230కి తగిలిస్తే పొగలు వస్తాయి. పెట్టె అడుగున ‘100–240’ అని ఉంటే భయం లేదు; ‘120’ అని మాత్రమే ఉంటే వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. ప్లగ్ ఆకారం మార్చే రెండు రూపాయల ముక్క వోల్టేజిని మార్చదు. పైగా ఎర్త్ కాలును కూడా మింగేస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఇంకొక అనుభవం ఎదురవుతుంది. 2008 తరువాత కొన్నేళ్ళు, మరీ ముఖ్యంగా 2012లో, తమిళనాడు గంటల తరబడి విద్యుత్ కోతలు చవిచూసింది. నాడు ఇంటింటా చేరిన ఇన్వర్టర్లలో చవకరకాలు చదరపు అలను ఇస్తాయి. ఫ్యానుకు, లైటుకు అది చాలు. యాంప్లిఫయరులో మాత్రం అది గరగరమనే రొదగా మారుతుంది. సాధన గదికి ఇన్వర్టర్ కొనేవారు ‘ప్యూర్ సైన్ వేవ్’ అన్నదే కోరాలి.

ఎర్త్ కాలు

హోరు తగ్గించడానికి వేదికల మీద అనేకులు చేసే పని యాంప్లిఫయర్ ప్లగ్‌లోని మూడవ కాలును విరిచేయడం, లేదా దాని తీగను కత్తిరించడం. హోరు నిజంగానే తగ్గవచ్చు. యాంప్లిఫయర్ ఒక చోట, మిక్సర్ మరొక చోట ఎర్త్ అయినప్పుడు ఆ రెండింటి మధ్య గిటారు కేబుల్ గుండా ప్రవహించే చిన్న విద్యుత్తే ఆ హోరుకు మూలం గనుక, ఒక దారి తెగితే శబ్దం ఆగుతుంది. అయితే ఆ కాలు ఉన్నది శబ్దం కోసం కాదు. యాంప్లిఫయర్ లోపల ఫేజ్ తీగ జారి డబ్బాకు తగిలిన నాడు ఆ విద్యుత్తు భూమిలోకి పోవడానికి అదొక్కటే దారి. అది లేకపోతే గిటారు తీగలే 230 వోల్టులవుతాయి. వాద్యకారుడి చేయి తీగల మీద, పెదవి ఎర్త్ అయిన మైకు మీద ఉంటుంది. 1972 మే 3న ఇంగ్లండుకు పొరుగున ఉన్న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే, సరిగా ఎర్త్ కాని మైకును తాకి వేదిక మీదనే మరణించాడు. అతని వయస్సు 27.

సరైన మార్గాలు చవకైనవే. యాంప్లిఫయర్, పెడల్ బోర్డు, వీలైతే మిక్సర్ కూడా ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి విద్యుత్తు తీసుకొనేటట్లు చూడాలి. జనరేటర్ నుంచి ఒకటి, వీధి కరెంటు నుంచి మరొకటి కలపరాదు. గిటారును మిక్సర్‌కు నేరుగా పంపవలసి వస్తే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు నడుమ పెట్టి దాని మీది ‘గ్రౌండ్ లిఫ్ట్’ మీట వాడాలి. అది సంకేతపు దారిని మాత్రమే తెంచుతుంది, ప్రాణరక్షణ తీగను తాకదు. సౌండు సర్వీసువారి బోర్డులో 30 మిల్లీఆంపియర్లకు తెగే ఆర్‌సీసీబీ ఉన్నదా అని అడగడం నామోషీ కాదు.

పెడల్ బోర్డు సంచిలో కొత్త 9 వోల్టుల బ్యాటరీ ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాలి. వేదిక మీద హోరు వచ్చినప్పుడు ఆ పది నిమిషాల పరీక్షకు అది పనికివస్తుంది; సప్లై మొండికేసిన రాత్రి డిస్టార్షన్ పెడల్ ఒక్కదానితోనైనా కచేరీ ముగించవచ్చు. వాయించడం పూర్తయిన తరువాత పెడల్ ఇన్‌పుట్ నుంచి కేబుల్ తీసివేయడం మరువరాదు. పెడళ్ళలో బ్యాటరీకి ఆ రంధ్రమే స్విచ్. కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది.