గుప్పెడు బియ్యం, గుడ్డు వేలం

నాగార్జునసాగర్‌లో నీటిమట్టం 590 అడుగులు తాకితే డ్యామ్ పక్కనున్న విజయపురి సౌత్‌కు ఎవరూ కబురు చెప్పక్కర్లేదు. గేట్ల హోరే చెబుతుంది. అదే 510కి జారితే మాచర్ల నుంచి నరసరావుపేట దాకా మిరప రైతుకు నిద్ర ఉండదు. 2023 నవంబరు 30న తెలంగాణలో పోలింగ్ జరుగుతుంటే, ఇక్కడ డ్యామ్ మీద ముళ్లకంచెకు చెరోవైపు రెండు రాష్ట్రాల పోలీసులు నిలబడ్డారు. తగువు కుడి కాలువ నీళ్లకే.

పొలం లేనివాళ్లకు లాంచీలే ఆధారం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగాక రాష్ట్రమంతటా పర్యాటక బోట్లు ఆపేశారు. నాగార్జునకొండ చూడ్డానికి వచ్చే జనం లేకపోతే సోడా బండికీ చేపల వేపుడుకూ బేరమేది? ఆర్నెల్లు దాటగానే లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడాది ఈస్టర్‌కు మందిరాలకూ తాళాలే.

ఇన్ని ఇబ్బందుల మధ్య ఈ ప్రాంతపు క్రైస్తవుల సంతోషం ఎక్కడుందో తెలియాలంటే ముందు వంటింట్లోకి వెళ్లాలి. ఎసట్లో పోసే బియ్యంలోంచి ఆ ఇంటావిడ గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్తుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటున్న వారంలోనూ వెళ్తుంది. తనకే లేనప్పుడు కూడా ఇవ్వగలిగానన్న తృప్తి ఆమెది.

పల్నాడులో ఈ విశ్వాసం సుఖాల్లో మొలవలేదు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ భార్యను పోగొట్టుకున్న మనిషి. కొన్నేళ్లకు గురజాలకు మకాం మార్చాడు. 1857లో అమెరికా తిరిగి వెళ్లినవాడు, డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి రాజమండ్రి వచ్చాడు! వినుకొండ బిడ్డ, కవి జాషువాదీ ఈ గడ్డే. ఆయన్ను పై కులాలు అంటరానివాడన్నాయి, పురాణ కథలు కావ్యాలుగా రాశాడని క్రైస్తవులూ దూరం పెట్టారు. చివరికి ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. సంఘం పెట్టిన బాధ కూడా బాధేనని ఇక్కడ ఒప్పుకోవాలి.

అందుకే నమ్మితే చాలు, అప్పులు తీరతాయి, వీసా వస్తుంది అని మైకులో ఊదరగొట్టే బోధకులంటే నాకు చిరాకు. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రికలో సంతోషమనే మాట ఎన్నిసార్లు వస్తుందో! రాసింది మాత్రం సంకెళ్లలో ఉండి. విడుదల వార్త కోసం ఆగి రాయలేదు.

ఇక కోత పండుగ. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి కేంద్రం ఆదుకోవాల్సి వచ్చింది. అలాంటి ఏడాదుల్లోనూ మందిరంలో కానుకల బల్ల ఖాళీగా ఉండదు. గుమ్మడికాయ, గంపెడు వడ్లు, కాళ్లు కట్టిన కోడి, ఒక్క గుడ్డు. ఆరాధన అయ్యాక వేలంపాట. పది రూపాయల దగ్గర మొదలైన గుడ్డు బావా బావమరుదుల పంతంతో వందలు దాటుతుంది.

“ఏంది బాబాయ్, గుడ్డు ఆరొందలా? లోపల బంగారం గాని ఉందా?”

“నువ్వు పాడవయ్యా ముందు!”

గెలిచినాయన గుడ్డును మళ్లీ బల్ల మీదే పెడతాడు. రెండోసారి పాట మొదలు. పాస్టరు గారు నవ్వాపుకోలేక మైకు పక్కవాళ్లకిచ్చేస్తారు. పోగైన డబ్బులో కొంత రేకుల కప్పుకు, కొంత గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాల్సినవాళ్ల బస్సు చార్జీలకు.