కోఠీ రెసిడెన్సీ: ముంగిలి యెవరిది?

ఒక భవనమును కట్టించినవారు స్త్రీలకెట్టి చోటు నిచ్చిరో, దాని గోడలును ద్వారములును చెప్పక చెప్పును. పంతొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లేయుల పానశాలలే యిందుకు నిదర్శనము. లండను నగరమున 1872లో వెలసిన ప్రిన్సెస్ లూయీజ్ పానశాలలో చెక్కడపు కొయ్యలతోను, చిత్రపు గాజుపలకలతోను అడ్డుతెరలు కట్టి, లోపలి చోటును చిన్నచిన్న భాగములుగా విభజించిరి. అట్టి పానశాలలలో కూలివారికొక గది, కలవారికొక గది. స్త్రీలు పురుషుల కంటబడకుండ కూర్చుండుటకు మూల నొక యిరుకుగది యుండెడిది.

ఆ శతాబ్దారంభమున ఆంగ్లరీతిని కట్టబడిన మేడ యొకటి మన హైదరాబాదులోనే కలదు. అది కోఠీలోని రెసిడెన్సీ. శంషాబాదు, మంఖాల్ ప్రాంతములనుండి నగరమునకు వచ్చు సోదరీమణు లనేకులు దాని ప్రక్కగనే పోవుచుందురు. రెసిడెంటగు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1803లో దీని నారంభించెను. సామ్యూల్ రస్సెల్ అను సైనిక యింజనీరు రూపురేఖలను దిద్దెను, వ్యయము నిజామువారిది. ముందుభాగమున విశాలమగు మెట్లవరుస, దాని కిరుప్రక్కల సింహములు, పైన ఆకులచెక్కడపు తలలుగల ఆరు మహాస్తంభములు, లోపల దర్బారుసాల, వంపు తిరిగిన సోపానములు—ఇవన్నియు అధికార వైభవమును చాటుటకే.

కర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా బేగము హైదరాబాదు కులీనవంశమునకు చెందినది. ఆమె నివాసము మేడవెనుక, ఎత్తైన గోడలనడుమ, మొగలాయి రీతిని కట్టిన రంగమహలు. ఘోషా కారణమున ఆమె ముంగిటికి రాజాలదు గనుక, మేడయంతటిని చిన్ననమూనాగా చేయించి యామె తోటలో నిలిపిరని చెప్పుదురు. కర్క్‌పాట్రిక్ 1805లో మరణించెను. తరువాతివారు 1860లో రంగమహలును పడగొట్టించిరి. పురుషుల దర్బారు నిలిచినది. ఆమె యిల్లు నిలువలేదు.

కాని కాలము ఆ ముంగిలిని స్త్రీలకే యప్పగించినది. 1924లో ఏర్పడిన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ మేడకు మారెను. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిటి మహిళా విశ్వవిద్యాలయము. ప్రపంచ కట్టడముల నిధి సంస్థ తోడ్పాటుతో శిథిలమగుచున్న మేడకు మరమ్మతులును జరిగినవి.

చదువుల కొరకు నేడు ఆ ముంగిట నడుగిడు బాలికలకు ఖైరున్నిసా పేరు తెలియవలదా? తల్లులారా, మీ కుమార్తెల కా స్తంభములను చూపునపుడు, వెనుకనుండిన రంగమహలును గూర్చియు చెప్పుడు.